చెయ్యి ఆనిన ఇటుక

కర్టిస్‌ను పెళ్లాడి మార్లా ఈ ఇంటికి వచ్చి పద్నాలుగు నెలలైంది. ఇన్నాళ్లలో అతని కూతురు బ్రిన్ నోట ఆమె పేరు ఒక్కసారైనా రాలేదు. ఏం కావాలన్నా "ఇదిగో" అంటుంది, లేదంటే గోడకు చెప్పినట్టు చెబుతుంది. పదిహేనేళ్ల పిల్ల, తల్లి పోయి మూడేళ్లు. ఆ పిల్లను ఏమనగలం? మార్లా అన్నీ కడుపులో పెట్టుకుంది.

హాల్లో చలిమంట వేసే ఫైర్‌ప్లేస్ గోడను మాత్రం భరించలేకపోయింది. నేల నుంచి కప్పు దాకా ముదురు గోధుమరంగు ఇటుకలు, ఎప్పుడో డెబ్బైలలో పేర్చినవి. పట్టపగలే గదిని చీకటి చేసేవి.

"నువ్వే తెల్లరంగు వేసెయ్. పనివాళ్లను పిలిస్తే మన తోలు ఒలుస్తారు," అన్నాడు కర్టిస్, శనివారం పొద్దున డ్యూటీకి వెళ్తూ. "ముందు మసీ జిడ్డూ బాగా తోము. జిడ్డు మీద రంగు నిలవదు."

మార్లా నేల మీద పాత దుప్పట్లు పరిచింది. ఎడమవైపు, కుర్చీ పక్కన, నాలుగు ఇటుకలు జిడ్డుతో నల్లబడి ఉన్నాయి. సబ్బునీళ్లు కొట్టి, ఇనుప బ్రష్షుతో ఒళ్లు దాచుకోకుండా రుద్దింది. మూడు తళతళలాడాయి. నాలుగోదాని మీద బ్రష్షు పెట్టబోతుంటే బ్రిన్ కిందికి దిగింది.

"ఏం చేశారు మీరు?"

"జిడ్డమ్మా. రంగు పట్టదని..."

"అది జిడ్డు కాదు. మా అమ్మ చెయ్యి." బ్రిన్ బ్రష్షుకు అడ్డంగా వచ్చి నిలబడింది. "చివర్లో ఆ కుర్చీలోంచి లేవాలంటే అక్కడే ఆనుకునేది. ఏడాది పొడుగునా. నేను చెయ్యిచ్చినా పట్టుకునేది కాదు. నా మీద బరువు వేయనంటూ గోడ పట్టుకునేది."

రోజూ బడికి వెళ్తూ బ్రిన్ అక్కడ చెయ్యి వేయడం మార్లా చూసింది. చిన్నతనపు అలవాటనుకుంది. అడిగి ఉండాల్సింది. అడగలేదు.

"నాకు తెలీదు బ్రిన్."

"ఎలా తెలుస్తుంది? నాన్నకే గుర్తులేదు."

బ్రిన్ మోకాళ్ల మీద కూర్చుని, తడి ఇటుకల మీద అరచెయ్యి పరిచింది. వేళ్ల కొసలు నాలుగో ఇటుకను తాకాయి. దాని మీద నలుపు అలాగే ఉంది.

మార్లా బ్రష్షు బకెట్లో పడేసింది. "ఇక రంగూ వద్దు, ఏమీ వద్దు. డబ్బాలు తిరిగిచ్చేస్తాను."

బ్రిన్ ముక్కు తుడుచుకుంది.

"వేయండి. ఈ ఇటుకలంటే అమ్మకీ ఒళ్లుమంటే."

టేపు తీసుకుని నాలుగో ఇటుక చుట్టూ తనే అంటించింది. రంగు లోపలికి పాకకుండా అంచులన్నీ గోటితో నొక్కింది. తర్వాత రంగు వేసే రెండో బ్రష్షు అందుకుంది.

సాయంత్రం కర్టిస్ వచ్చి గుమ్మంలోనే ఆగాడు. "అబ్బో, గదికి ప్రాణం వచ్చింది! అరెరె, ఒకటి మర్చిపోయావే," అంటూ బ్రష్షు అందుకున్నాడు.

"ముట్టుకోకు నాన్నా. మర్చిపోలేదు. మార్లా నేనూ కలిసి వదిలాం."

కర్టిస్ ఆ ఇటుకను చూశాడు, పక్కనున్న కుర్చీని చూశాడు, మెల్లగా బ్రష్షు కింద పెట్టాడు. మార్లా బకెట్ పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, కొళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.