చేటెడు తవుడు

"తినవే. మొత్తం తిను. అది నీకు కాదు, లోపలున్నదానికి" అంది అత్త దేవమ్మ, ఉడికిన కోడిగుడ్డు పెంకు వలిచి కృపామణి చేతిలో పెడుతూ.

కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో గుడ్డంటే మగవాడి కంచంలో ఉండే వస్తువు. ఆడవాళ్లకు పులుసు మిగిలితే పులుసు, లేకపోతే దాని వాసన. రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక పస్తులు తగ్గాయి గానీ కూలి చేసుకునే ఇంట్లో ఆడది గుడ్డు తినే రోజులింకా రాలేదు. అలాంటిది ఇప్పుడు పొద్దున గుడ్డు, సాయంత్రం గ్లాసెడు పాలు. మిరప కోతలకు కూడా పోవద్దన్నారు. ఇంటి చాకిరీని ఎవరూ కూలి అనరు కాబట్టి దాన్ని మాత్రం మానమనలేదు. నీళ్లు మోయడం, పేడ తీయడం, ముగ్గురికీ వండి వార్చడం, అత్తకు కాళ్లు పట్టడం, అన్నీ మామూలే.

ఆ గుడ్లకూ పాలకూ డబ్బులు పంపేది నర్సరావుపేటలో పిల్లల ఆశ్రమం నడిపే అమ్మగారు. ఎందుకు పంపుతుందో తనకు తెలుసనే అనుకుంది కృపామణి.

అంతకుముందు ఆమె ఇద్దరిని కని ఇద్దరినీ పోగొట్టుకుంది. మొదటివాడు నెల తిరక్కుండానే ఫిట్లొచ్చి పోయాడు. రెండోది బోర్లా పడటం నేర్చుకున్నాక, విరేచనాలతో, నకరికల్లు ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. పూడ్చిపెట్టి వచ్చిన రోజు మొగుడు దేవదాసు కాళ్లు కడుక్కుంటూ "నీ కడుపులోనే ఏదో ఉంది" అన్నాడు. అని అన్నం పెట్టమన్నాడు. ఆమె పెట్టింది.

మూడోసారి నెల తప్పినప్పుడు దేవమ్మే ఆ మాట ఎత్తింది.

"ఈసారి అమ్ముదామే."

బిడ్డను అమ్మడం ఆ పల్లెకు కొత్తేం కాదు. పుట్టినవాళ్లు పుట్టినట్టు పోతుంటే, తర్వాత పుట్టినదాన్ని పెంటకుప్ప మీద పడుకోబెడతారు. పక్కింటావిడ ఎత్తుకుని, చేటెడు తవుడు పోసి కొనుక్కుంటుంది. ఆ మీదట బిడ్డ ఆవిడదే, కన్నతల్లి ఊరికే పెంచిపెడుతుంది. మృత్యువు వెతుక్కుంటూ వస్తే ఈ ఇంట్లో దానికి రావలసిన బిడ్డ ఉండదన్నమాట. దేవదాసూ అలా దక్కినవాడే. పక్కింటి రషీదా వాళ్ల అత్త తవుడు పోసి కొన్నది. బాప్తిస్మంలో దేవదాసు, ఊరికి పెంటయ్య. గుళ్లో పాస్టరుగారు ఇవన్నీ అజ్ఞానమని ఆదివారం ఆదివారం చెబుతూనే ఉంటారు, జనం ఆమెన్ అంటూనే ఉంటారు, తవుడు పోస్తూనే ఉంటారు. అమ్ముడుపోయిన దేవదాసు ఎక్కడికీ పోలేదు. ముప్పై ఏళ్లొచ్చినా తల్లి పక్కనే కూర్చుని పప్పులో ఉప్పు తక్కువైందని పెళ్లాన్ని తిడుతున్నాడు.

"ఎవరికి అమ్ముదాం అత్తా?"

"దొరసానికి. సముద్రం అవతల ఉంటది. పిల్లల్లేరంట పాపం. అమ్మగారు కుదిర్చింది."

"మళ్లీ మనకే ఇస్తదిగా?"

"కొన్నోళ్లు యాడ పెంచుతారే! పెంచేది కన్నతల్లేగా" అంది దేవమ్మ పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ.

కృపామణి నమ్మింది. రషీదా వాళ్ల తవుడుకే ఇంత మగాడు బతికి బట్టకట్టాడు. ఇక సముద్రం అవతలి మనిషి కొంటే మృత్యువుకు ఆ దారే తెలియదు కదా! ఆ నెలలోనే దేవదాసుకు ఆశ్రమంలో వాచ్‌మన్ ఉద్యోగం వచ్చింది. దేవుడి దయ అన్నాడు. అది కూడా నమ్మింది.

నెలకోసారి బస్సెక్కించి పేట తీసుకుపోయేవాళ్లు. అమ్మగారు ఆమె కనురెప్ప కిందికి లాగి చూసేది, కాటా మీద నిలబెట్టేది. "బరువు బాగానే వస్తోందయ్యా" అని దేవదాసుతో చెప్పేది. ఆమెతో కాదు. సంతలో గొడ్డును చూసినట్టు చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయేది కృపామణి. అయినా ఆ సిగ్గులోనే చిన్న సంతోషం కూడా ఉండేది. కన్నతల్లి పోయాక, తిన్నావా అని తన గురించి వాకబు చేసినవాళ్లు ఇంకెవరున్నారు? అడిగింది తనను కాకపోతే ఏం, తన కడుపునైనా అడిగారు. ఆ మాత్రానికే ఆ అమ్మగారి మీద ఆమెకు ప్రేమ పుట్టింది. తలుచుకుంటే అదే ఆ తర్వాత ఆమెకు అన్నిటికంటే ఎక్కువ మంట పుట్టించిన సంగతి.

ఆశ్రమం వెనక ఉన్న పురిటి గదిలోనే ఆడపిల్ల పుట్టింది. ఎర్రగా, తల నిండా జుట్టుతో. ఒక్కసారి చూపించి పక్కగదిలోకి తీసుకుపోయారు. "కాస్త నలతగా ఉంది, డాక్టరు చూడాలి" అన్నారు. మూడో రోజుకు రొమ్ములు రాయి కట్టాయి. గోడ అవతల బిడ్డ ఏడ్చినప్పుడల్లా రవిక తడిసిపోతోంది. ఆ పూట ఆయా ఫిలోమినా ఒక ఆకు పొట్లంలో మల్లెపూలు తెచ్చింది.

"తల్లోకా అక్కా?" అని నవ్వింది కృపామణి.

"కాదమ్మా. రొమ్ములకు కట్టాల. పాలు ఎండిపోతాయి."

"ఎండిపోతే బిడ్డేం తాగుద్ది? తవుడు పోయడం అయిపోయాక నాకిస్తారుగా?"

"తవుడేంది?"

కృపామణి చెప్పింది. పూలు కడుతున్న ఫిలోమినా చేతులు ఆగిపోయాయి. వాకిలి వైపు ఒకసారి చూసి మంచం అంచున కూర్చుంది.

"ఎవరు చెప్పారే తల్లీ నీకా మాట? దొరసాని వచ్చి ముందు గదిలో కూచుంది. రేపు విమానమెక్కిస్తారు. ఇంక రాదు బిడ్డ. నిన్న ఆమె, తల్లి ఒప్పుకుందా, తల్లిని చూస్తానని ఒకటే అడిగింది. పురిట్లోనే పోయిందని చెప్పారు అమ్మగారు."

"ఎవరు పోయింది?"

"నువ్వే."

కృపామణి రొమ్ములకు కట్టిన పూలు లాగి నేలకేసి కొట్టింది. ఏడుపు రాలేదు. ఒళ్లంతా కోపమే.

అప్పుడే క్యారేజీ పట్టుకుని దేవమ్మ, వెనకాల కొత్త ఖాకీ చొక్కాలో దేవదాసు వచ్చారు.

"నీకు తెలుసా?" అంది మొగుడితో.

అతను చొక్కా గుండీ సర్దుకున్నాడు. దేవమ్మే అందుకుంది. "తెలిస్తే ఏందంట? ఇద్దర్ని మట్టిలో పెట్టావు. ఇదన్నా యాడో ఒకచోట బతుకుద్దిగా! ఆడ పాలకు కరువా, మందులకు కరువా? ఇల్లు అద్దెకిచ్చావనుకో. నీ ఇల్లేమన్నా అరిగిపోయిందా?"

అత్త మాటలో నిజం లేకపోలేదు. అదే కృపామణిని మంచానికి కట్టేసింది కాసేపు. అక్కడ బతుకుతుంది. విరేచనాలు పట్టుకుంటే బస్సు కోసం చెట్టు కింద నిలబడక్కర్లేదు. తన దగ్గరుంటే? ఏమో. ఇద్దరు ఉండలేదు. నిజం చెప్పి అడిగి ఉంటే తను ఏమనేదో తనకే తెలియదు. గుండె రాయి చేసుకుని ఇచ్చేదేమో కూడా. కానీ అడగలేదు. గుడ్లు పెట్టారు, పాలు పోశారు, కాటా మీద తూచారు, మొగుడికి ఉద్యోగమిచ్చారు. ఇన్ని చేసినవాళ్లకు ఆమెను ఒక్క మాట అడగాలని మాత్రం తోచలేదు. అత్తకు బిడ్డ అంటే ఏమిటో తెలుసు, కన్నకొడుకును తవుడుకు అమ్మి దక్కించుకున్న మనిషి. ఆ తవుడునే ఎరగా వేసింది. పైగా తను చచ్చిపోయిందట. చచ్చినదాని దగ్గర సంతకాలూ అక్కర్లేదు, సమాధానాలూ అక్కర్లేదు.

లేచింది. గోడ పట్టుకుంది.

"ఏమే, యాడికి? పచ్చి బాలింతవి! వాడి ఉద్యోగం పోద్దే!"

"పోనీ."

"గడప దాటావంటే మళ్లీ నా ఇంటికి రాబాక!"

"చచ్చినోళ్లకు ఇల్లెందుకు అత్తా?" అంది కృపామణి. దేవదాసు అడ్డం రాబోయి, ఆమె మొహం చూసి పక్కకు తప్పుకున్నాడు.

పక్కగది తాళంచెవి ఫిలోమినా దగ్గరుంది. ఆమె తలుపు తీసింది, తన ఉద్యోగం సంగతి తెలిసి కూడా. బిడ్డ అరిచి అరిచి గొంతు పోయి, పిడికిలి చప్పరిస్తోంది. కృపామణి ఎత్తుకుని నడవా దాటి ముందు గదిలోకి పోయింది.

ఫ్యాను కింద దొరసాని కూర్చుని ఉంది. ఎండకు మొహం కందిపోయింది, ఒళ్లో చిన్న ఊలు టోపీ. ఆమె కళ్లు ఏడ్చినట్టు ఉన్నాయి. పాపం ఆమెనూ మోసం చేశారు, అనుకుంది కృపామణి. అమ్మగారు ఏదో చెబుతున్నదల్లా ఆగిపోయి "ఏయ్, ఎవరు రానిచ్చారు నిన్ను?" అంటూ లేచింది.

ఆ ఆశ్రమంలో ఏనాడూ కుర్చీలో కూర్చోని కృపామణి, దొరసానికి ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. రవిక ముడి విప్పి బిడ్డ నోటికి రొమ్ము అందించింది. బిడ్డ రెండు మూడుసార్లు తడుముకుని పట్టేసింది. గుటకలు గదంతా వినబడుతున్నాయి. దొరసాని బిడ్డను చూసింది, ఆమెను చూసింది, అమ్మగారి వైపు తిరిగి ఏదో గట్టిగా అడిగింది.

"చెప్పండి అమ్మగారూ" అంది కృపామణి, "చచ్చిపోయిన తల్లి వచ్చి పాలిస్తోందని చెప్పండి. ఏమన్నా అడగాలనుంటే ఇప్పుడు నన్ను అడగమనండి."