వెంట తెచ్చుకున్నది

హెర్పిస్ వైరస్ కణంలో దూరాక దాని ప్రొటీన్లన్నీ ఒక్కసారే తయారు కావు. ముందు కణాన్ని చెప్పుచేతల్లో పెట్టుకునేవి, తర్వాత వైరస్ జన్యువులకు నకళ్లు తీసేవి, ఆఖరున దాని తొడుగు కట్టేవి. గోడ లేవకుండా సున్నం వెయ్యరు కదా!

అక్క మాత్రం ఆ వరస తప్పిందంది. తొడుగు ప్రొటీన్ వైరస్ సోకిన కాసేపటికే, ప్రొటీన్ల జాడ పట్టే ఎక్స్‌రే ఫిల్ము మీద నల్లటి గీతగా కనబడింది మరి. ప్రయోగశాలంతా అదే మాట. ఈ మధ్యాహ్నమే దాన్ని నడిపే పెద్దాయన ఎదుట, బయటినుంచి వచ్చిన శాస్త్రవేత్తల ఎదుట ఆమె ఆ సంగతి చెప్పాలి.

ఆమెతోపాటు పనిచేసే తమ్ముడికే మనసు కుదుటపడలేదు.

"అక్కా, వైరస్ తొడుగుతోనే కదా లోపలికొచ్చేది? మనం చూసింది అదేనేమో. కణం ప్రొటీన్లే చెయ్యకుండా మందేసి చూద్దాం."

"శుభం పలకరా అంటే ఇదా నువ్వనేది?" అని ఆమె కస్సుమంది. కానీ అనుమానం చెవిలో జోరీగలా దూరింది. చివరికి ఆ మందు తనే వేసింది.

ఇప్పుడు డార్క్‌రూమ్ ఎర్రదీపం కింద ఇద్దరూ ట్రేలోకి వంగి ఉన్నారు. మందు వేసిన కణాల చోటు ఖాళీగా ఉంటే ఆమె మాట నిలిచినట్టే. ఫిల్ము మెల్లగా నల్లబడింది. ఆ చోట గీత తేలింది.

"మందు పాడైందేమో," అంది అక్క.

"లేదక్కా. మొట్టమొదట తయారవ్వాల్సిన ప్రొటీన్ జాడే లేదు చూడు. మందు పనిచేసింది. తొడుగుది వైరస్ తెచ్చుకున్నదే."

ఎవరో తలుపు తట్టారు. "మేడమ్, అందరూ వచ్చేశారు!"

"ఒంట్లో బాగోలేదని చెప్పనా?" తమ్ముడు గుసగుసలాడాడు.

"నోర్మూసుకుని ఫిల్ము కడుగు."

నీళ్లు కారుతున్న ఫిల్ముతోనే ఆమె హాల్లోకి వెళ్లింది. కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది. "నేను పొరబడ్డాను. ఇది కణం చేసింది కాదు, వైరస్ వెంట తెచ్చుకున్నది."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన ముఖం మాడిపోయింది.

"ముందే చూసుకోవద్దూ?"

"మా తమ్ముడు చెప్పాడు సార్. వినడానికి ఆలస్యం చేశాను."

ఆయన ఫిల్ము అందుకుని చాలాసేపు చూశాడు. "పత్రికకు ఆ వ్యాసం పంపడం ఆపెయ్యండి," అని తర్వాతి మనిషిని పిలిచాడు.

మెట్ల దగ్గర తమ్ముడు ఆమెను అందుకున్నాడు. "కోపమా?"

"ఆఁ."

"నా మీదా?"

"నీ మీద కూడా," అంటూ ఆమె ఆగకుండా దిగిపోయింది.