నూనె మానిన పిల్ల

మొంజీ తండ్రి గానుగ దగ్గరే గుండె ఆగి కూలిపోయాడు. అప్పట్నుంచి రక్తంలో కొవ్వు అన్న మాట వింటే చాలు, మొంజీ హడలిపోతాడు.

స్ఫాక్స్ పట్నం శివార్లలో వాళ్ళది ఆలివ్ నూనె గానుగ. మొంజీ తన మేనమామ కూతురు దలెందానే చేసుకున్నాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు, సిరీన్. ఆ పిల్లకి పుట్టుకతోనే సిస్టిక్ ఫైబ్రోసిస్. ఊపిరితిత్తుల్లో జిగురు పేరుకుంటుంది, తిన్న కొవ్వు ఒంటబట్టదు. అందుకే తిండితోపాటు ఎంజైము మాత్రలు మింగాలి, తోటి పిల్లలకన్నా ఎక్కువ నూనె, వెన్న తినాలి. దలెందా రొట్టెని నూనెలో నానబెట్టి, కథలు చెప్పి తినిపించేది. తొమ్మిదో ఏడు వచ్చేసరికి పిల్ల బుగ్గల్లో కాస్త కండ పట్టింది.

ఆ ఏడు రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో ఒకరకం కొవ్వు, ఎక్కువని వచ్చింది. రిపోర్టు తెచ్చిన మొంజీ నేరుగా ఇంటికి రాలేదు. కాఫీ కొట్లో, గుండె ఆపరేషన్ అయిన స్నేహితుడికి చూపించాడు. నూనె మానిపించాల్సిందేనని ఆ పెద్దమనిషి తల ఊపాడు.

"పిల్లకి ఇవాళ్టినించి నూనె చుక్క పెట్టడానికి వీల్లేదు," అన్నాడు మొంజీ ఇంటికొచ్చి.

"డాక్టరమ్మ చెప్పిందా ఆ మాట?" అంది దలెందా.

"రిపోర్టే చెప్తోంది."

"ఈ జబ్బున్న పిల్లల సంగతి వేరు బావా. ఇదిగో, కొలెస్ట్రాలు చూడు, ఉండాల్సినంత కూడా లేదు. డాక్టరమ్మనే అడుగుదాం."

ఆసుపత్రికి ఫోన్ చేస్తే డాక్టరమ్మ ఊళ్ళో లేదు, వచ్చే నెల రమ్మన్నారు.

దలెందా అత్త, మొంజీ తల్లి, బఠానీలు ఒలుస్తూనే అందుకుంది. "మా రక్తంలో ఎవరికీ లేని జబ్బు తెచ్చావు. ఇప్పుడు వైద్యం కూడా నువ్వే చెప్తావా?"

"నీ రక్తం, మా నాన్న రక్తం ఒకటే కదత్తా. ఎవరి వాటా ఎంతో నువ్వే తేల్చు."

అత్త బఠానీల గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

దలెందా సూపులో నూనె దాచి పోసేది. మొంజీ అది కనిపెట్టాడు. పెళ్ళాంతో పోట్లాడి లాభం లేదనుకుని, కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

"తాతయ్య ఎలా పోయాడో తెలుసా తల్లీ? కొవ్వు వెళ్ళి గుండెకి అడ్డం పడింది. నీ రక్తంలోనూ అదే ఉంది. అమ్మ పెట్టినా తినకు, సరేనా?"

ఆ రోజునుంచి సిరీన్ ప్రతి ముద్దా వాసన చూసేది. అనుమానం వస్తే ఉమ్మేసేది. దలెందా బతిమాలింది, కసిరింది, ఒకసారి చెంప మీద కొట్టింది కూడా. పిల్ల నోరు తెరవలేదు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళేసరికి సిరీన్ గౌను భుజాలమీంచి జారుతోంది, దగ్గు తెరిపివ్వడం లేదు.

"ఈ పిల్లల్లో ట్రైగ్లిజరైడ్లు పెరగడం మామూలేనమ్మా," అంది డాక్టరమ్మ. "తీపి తగ్గించాలి గానీ నూనె ఎవరైనా మానిపిస్తారా? చదువుకున్నదానివి, నీకు తెలియదూ?"

దలెందా మొగుడి వైపు చూసింది. మొంజీ బూట్ల వైపు చూసుకుంటున్నాడు. ఆమె ఎదురుచూసింది.

"తెలుసు డాక్టరమ్మా," అంది చివరికి.

చలికాలంలో ఊపిరితిత్తులకి చీము పట్టింది. ప్రాణం దక్కింది గానీ పోయిన శ్వాసబలం తిరిగి రాలేదు. తిండి ఎలాగూ సహించడం లేదని పొట్టకి చిన్న రంధ్రం చేసి గొట్టం అమర్చారు.

మొంజీ వంటింటి గడపలో నిలబడి అడిగాడు. "నేను పొరబడ్డానని పిల్లకి నువ్వు చెప్పవే. నా మాట వినడం లేదు."

"నీ మాట విన్నందుకే కదా ఇలా అయింది," అంది దలెందా, వెనక్కి తిరక్కుండా.

అతనే వెళ్ళి చెప్పాడు. సిరీన్ గోడ వైపు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నం దలెందా గొట్టంలోకి చిక్కటి పాలరంగు ఆహారం ఎక్కిస్తుంటే పిల్ల ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఇందులో నూనె ఉందా అమ్మా?"

సగానికి సగం కొవ్వే అది.

"లేదు తల్లీ," అంది దలెందా.

"ఒట్టు?"

"ఒట్టు."

గుమ్మం దగ్గర ఉన్న మొంజీ ఆ మాట విని గానుగ వైపు వెళ్ళిపోయాడు. సిరీన్ చెయ్యి వదిలింది.