పలుపు జడ

"బేబి జడ అయిందా? నా కేరేజీ ఏదీ?" అన్నాడు కృపారావు పేపర్లోంచి తలెత్తకుండా, అక్కడికి ఆ రెండు పనులకీ ఇంట్లో ఇద్దరు పెళ్ళాలున్నట్టు.

ఉన్నది ఒక్క ప్రమీలారాణి. ఆ ఒక్కతే తెల్లారకముందు లేచి నీళ్ళు తోడి, వాకిలి ఊడ్చి, అన్నం వార్చి, పప్పు దించి, ఇప్పుడు బేబిని ముందు కూర్చోబెట్టుకుని చిక్కు తీస్తోంది. నందిగామ ఎలిమెంటరీ స్కూల్లో ఆమె టీచరు. పోస్టు ఇంకా టెంపరరీ. నిన్న హెడ్మాస్టరు జగన్నాథరావుగారు పిల్లలందరి ముందే అనేశారు. "ఏమ్మా, ఇంటిపనంతా తెమిలాక తీరిగ్గా వద్దామనుకుంటే ఇంట్లోనే ఉండండి. రేపు ప్రార్థన గంటకి మీరు కనపడకపోతే ఈ పోస్టుకి ఇంకెవర్నన్నా చూడమని పైకి రాసేస్తా." రాత్రి ఆ మాట చెబితే కృపారావు, "దానికేముంది, మానెయ్. నీ ఉజ్జోగం లేకపోతే పస్తులుంటామా?" అని అటు తిరిగి పడుకున్నాడు. నిజమే, పస్తులుండరు. కానీ బళ్ళో కాలు పెట్టగానే రెండో తరగతి పిల్లలంతా "టీచరుగారొచ్చారోయ్" అని ఎగురుతారే, ఆ ఎగరడం ఎవరిస్తారు? ఈ ఇంట్లో తనని పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు. ఏమే, ఇదిగో, ఎక్కడ చచ్చావ్. అంతే.

"అమ్మా, నొప్పీ!" అని బేబి గింజుకుంది.

"ఏమండీ, కాస్త దీని జడ అల్లరూ? ఈలోగా కేరేజీ కట్టేస్తా."

కృపారావు నవ్వాడు. ఎగతాళికి కాదు, పాపం, నిజంగానే నవ్వొచ్చింది. "జడా? నేనా? మీ ఊళ్ళో మగాళ్ళు జడలేస్తారేంటే?"

"మా తాత వేసేవాడు."

జగ్గయ్యపేటలో తాళ్ళు పేనే శాంతయ్య అంటే ఎడ్లున్న రైతులందరికీ తెలుసు. అమ్మా నాన్నా పొగాకు కాల్చే బ్యారన్ల పనికి వలస వెళ్ళిన ఏడాది ప్రమీల ఆ తాత దగ్గరే ఉండి చదువుకుంది. మొదటిరోజు వసారాలో పీటేసుకుని, మనవరాల్ని మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకున్నాడు. ఆయన చేతులకి తెలిసిందల్లా గోగునార. అందుకని అరచేతులు తడుపుకుని, జుట్టు రెండు పాయలు చేసి, ఒక్కో పాయా మెలితిప్పి, రెండూ కలిపి గట్టిగా పేనేసి, చివర ఎద్దు పలుపుకి వేసే ముడి వేశాడు. గుంజి చూసుకుని, "ఏనుగు లాగినా ఊడదే అమ్మణ్ణీ" అని మురిసిపోయాడు. ఇంకేం, బళ్ళో ఓ పిల్ల ఆ జడ కొస పట్టుకుని "పలుపు జడ, పలుపు జడ, హై, ఛో ఛో" అంటూ బడి చుట్టూ తోలింది. ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి ముడి విప్పబోతే రాదే! తాతే తంటాలు పడి విప్పాడు. "ఊరుకోవే తల్లీ. ఆడపిల్ల జుట్టుకి పేనుడు పనికిరాదు కామోసు" అన్నాడు.

అక్కడితో వదిలెయ్యలేదు మరి! సాయంత్రం ఎదురింటి రత్తమ్మ దగ్గరికెళ్ళి, "అమ్మాయ్, మూడు పాయలది ఎట్టా అల్లుతారో ఓసారి చూపీవే" అని అడిగాడు. ఆవిడ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుతూనే చూపించింది. ఇక వసారా గుంజకి గోగునార కట్టుకుని అల్లడం, విప్పడం, మళ్ళీ అల్లడం. దారినపోయేవాళ్ళు ఊరుకుంటారా? "ఏం శాంతయ్యా, గుంజకి పెళ్ళా? పూలు కూడా పెడతావా?" "తెచ్చియ్, పెడతా" అన్నాడు తాత, తలైనా తిప్పకుండా. ఆ ఆదివారం చర్చిలో ఆడాళ్ళంతా ప్రార్థన మానేసి ప్రమీల జడే చూశారు. నార రాసీ రాసీ తాత వేళ్ళు ఎంత గరుకంటే, మెడకి తగిలితే గీసుకునేది. అయినా చిక్కు తీస్తుంటే నొప్పి మాత్రం తెలిసేది కాదు.

"పాపం, ఇంట్లో ఆడదిక్కు లేకేమోలే" అంది గుమ్మం దగ్గర చింతపండు గింజలు తీస్తున్న అత్తగారు ఆదెమ్మ. "లేకపోతే మగాడికెందుకే ఆ ఖర్మ?"

ప్రమీల చెయ్యి ఆగిపోయింది. ఆడదిక్కు లేదా? ఇన్నేళ్ళూ తాతంటే తలవెనక చేతులే గుర్తు. జడ వేయించుకునేవాళ్ళ కళ్ళు ముందుకి కదా ఉంటాయి, మరి తనకి ఎదురుగా ఏం కనపడేది? గడప మీద నాయనమ్మ ఆరోగ్యమ్మ! కాళ్ళు బారజాపుకుని, ఒళ్ళో కంచం పెట్టుకుని, చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటూ, తీరిగ్గా. మిరపకాయలు కోసే కూలికి పొద్దున్నే వెళ్ళాలి ఆవిడ. ఎప్పుడన్నా మనసాగక, "ఇటియ్యి, నేనేస్తాలే" అని లేవబోతే తాత కసిరేవాడు. "కూకోవే. పొద్దుగూకేదాకా వంగే నడుమది. కడుపునిండా తిని పో. నేనుండేది ఇంట్లోనేగా."

"లేకేం అత్తయ్యా" అంది ప్రమీల మెల్లిగా. "మా నాయనమ్మ ఎదురుగానే కూర్చుని అన్నం తింటుండేది. పనికెళ్ళాలి కదా ఆవిడ."

ఆదెమ్మ వేళ్ళు చింతపండులోనే ఆగాయి. "అందరికన్నా ముందా?"

"ముందే అత్తయ్యా."

ఆదెమ్మ చింతపండు వంకే చూస్తూ కూర్చుంది.

ప్రమీల బేబిని లేపి తీసుకెళ్ళి కృపారావు ముందు కూర్చోబెట్టింది. దువ్వెన ఆయన చేతిలో పెట్టింది. వంటింట్లోకెళ్ళి, కేరేజీ కోసం కాదు, ఒక కంచం తీసుకుని, అన్నం పెట్టుకుని, మీద పప్పు వేసుకుని, అందరికీ కనపడేలా గోడకానుకుని కూర్చుంది. ప్రార్థన గంటకి ఇంకా టైముంది. అన్నం వేళ్ళు కాలేంత వేడిగా ఉంది. ఈ ఇంట్లో అన్నం ఇంత వేడిగా ఉంటుందని ఆమెకి తెలియడం ఇదే మొదలు.

"ఏయ్, ఏంటిది? దీన్ని ఎక్కడ పట్టుకోవాలి?" అన్నాడు కృపారావు కంగారుగా.

"లాగకండి, ఏడుస్తుంది" అంది ప్రమీల, ఇంకో ముద్ద కలుపుకుంటూ.