పెరటి గిన్నె

నేను ఒక ఇనప గిన్నెను. గిన్నె అనగానే మీ వంటింట్లో బోర్లించిన స్టీలు సంతానం గుర్తొస్తుందేమో, వాళ్లకూ నాకూ చుట్టరికం లేదు. విశాఖపట్నం శివార్లలో నీటిపంపుల భాగాలు పోత పోసే ఒక చిన్న కార్ఖానాలో, ఆ పూట పని అయ్యాక మిగిలిన ఇనుముతో నన్ను పోశారు. అంటే మిగులు సరుకునన్నమాట. అయినా దళసరిగా, గట్టిగా పుట్టాను. నా మూత ఒక్కటే చంటిబిడ్డంత బరువుంటుంది.

మొదట నన్ను కొన్నది రాజాంలో బిర్యానీ హోటలు నడిపే ఒకాయన. బరువుగా ఉంది, అడుగంటదు అని మురుస్తూ కొన్నాడు. బరువుగా ఉంది, కడిగే మనిషి దొరకడం లేదు అని విసుక్కుంటూ అమ్మేశాడు. మనుషుల మెప్పూ తిట్టూ ఒకే కారణానికి వస్తాయని నాకు అప్పుడే తెలిసింది. ఆ తర్వాత పాత సామాన్ల కొట్టులో, విరిగిన నాగళ్ల మధ్య వాననీళ్లు పట్టుకుంటూ చాలాకాలం పడి ఉన్నాను. అక్కడినుంచి నన్ను సైకిలు వెనక కట్టుకుని బొబ్బిలి తీసుకొచ్చినవాడు గౌరీశ్వరరావు.

అతను సైన్యంలో లారీ డ్రైవరుగా చేశాడు. మిజోరంలో ఉన్నప్పుడు అక్కడి అమ్మాయి రువాతిని పెళ్లాడాడు. ఉద్యోగం అయిపోయాక భార్యను వెంటబెట్టుకుని బొబ్బిలిలో తల్లి సన్యాసమ్మ దగ్గరకు వచ్చేశాడు. ఆ అత్తగారికి కోడలి పేరు నోరు తిరగక మొదటిరోజే రత్తమ్మ అని మార్చేసింది. పేరు పోతే పోయింది, తిండి దగ్గర పేచీ వచ్చింది. రువాతి పుట్టింట్లో పండగైనా పబ్బమైనా పందిమాంసం ఉండాల్సిందే. సన్యాసమ్మ ఇంట్లో ఆ మాట ఎత్తితేనే నోరు పుక్కిలించాలి. చివరికి సన్యాసమ్మే తీర్పు చెప్పింది.

“తినీదుంటే తిననీరా. కడుపు మాడ్సమని నానన్నానేటి? దానికి వేరే గిన్ని కొను. ఆ గిన్ని మాత్రం నా వంటింటి గడప దాటకూడదు.”

ఆ వేరే గిన్నెను నేను. పెరట్లో పశువులు లేని పశువులశాల ఒకటుంటే నా కాపురం అక్కడ పెట్టారు. లోపల వంటింట్లో గరిటెల చప్పుడూ, పోపు చిటపటలూ వినిపిస్తుంటే, నేను చీకట్లో గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. రువాతి వచ్చినప్పుడే నాకు మనిషి చెయ్యి తగిలేది. తుప్పు పట్టకుండా నూనె రాసేది, రాస్తూ వాళ్ల భాషలో తన కష్టం చెప్పుకునేది.

ఆమెకు గడప గురించి పెద్ద పట్టింపు లేదు. బాధంతా మొగుడితో. పెళ్లికి ముందు గౌరీశ్వరరావు ఆమె తండ్రి ఇంట్లో బాసింపట్టు వేసుకుని, పందిమాంసం మారు అడిగి వడ్డించుకుని తిన్నాడట. “మీ ఇంట్లో ఏం తింటే జన్మంతా అదే తింటా” అన్నాడట. ఆ మాటకే ఆమె మనసు పారేసుకుంది. బొబ్బిలిలో బస్సు దిగాక అతని జన్మ మారిపోయింది. మొదటిసారి నాలో కూర వండి ఆమె పిలిస్తే, శాల గుమ్మం దగ్గరే ఆగిపోయి గొంతు తగ్గించి, “అమ్మ బాధపడుద్ది. అమ్మున్నన్నాళ్లూ నన్ను పిలవకు” అన్నాడు. సరే, అమ్మున్నన్నాళ్లే కదా అని ఆమె ఊరుకుంది. అతను మళ్లీ ఒక్కసారి పక్కన కూర్చుని తనతో ఆ మాంసం తినాలి. ఆ పరాయి ఊళ్లో ఆమె కోరుకున్నది అదొక్కటే.

మొదట్లో తమ ఊరి పద్ధతిలో మాంసానికి పొగబెట్టబోయింది. శాల కప్పులోంచి పొగ లేవగానే ఎదురింటివాళ్లు ఇల్లంటుకుందని బిందెలతో పరుగెత్తుకొచ్చారు. దాంతో ఆ ముచ్చట తీరిపోయింది. తర్వాత ఒకనాడు ఫోనులో ఎవరో తెల్లవాడి వంట చూసింది. పంది భుజం ముక్కను తరక్కుండా, నీళ్లు పొయ్యకుండా, ఒళ్లంతా మసాలా పొడి పట్టించి సన్నసెగ మీద పూటంతా ఉంచేశాడు. చివరికి గరిటె తగిలితే చాలు, అది పీచులు పీచులుగా విడిపోయింది. పొగ లేదు, గోల లేదు. పైగా దానికి బరువైన మూత ఉన్న గిన్నె కావాలి. నా మూత బరువుకు మొదటిసారి ఒక పని దొరికింది.

పొడి దగ్గర చిక్కొచ్చింది. తెల్లవాడు డబ్బాల్లోంచి వంచుకున్నవి సగం బొబ్బిలిలో లేవు. ఎండుమిరపకాయలు, ధనియాలు, జీలకర్ర, మిరియాలు, ఆవాలు వేయించి పెరటి రోట్లో పోసి రువాతి నానా తంటాలు పడుతుంటే సన్యాసమ్మ చూడలేకపోయింది.

“అలాగేనేటే దంచడం? గింజలన్నీ ఊరి మీదకెల్లిపోతన్నాయి. ఇలాతే రోకలి.”

రోలు పెరట్లోది కాబట్టి తప్పు లేదు, అది ఆమె ధర్మశాస్త్రం. మెత్తగా దంచి, వెల్లుల్లి కలిపి, వేలితో అద్దుకుని నాలిక మీద వేసుకుని “ఉప్పు సాల్లేదు” అంది. రువాతి బెల్లం తురుము కలపబోతే “మాంసంలోన బెల్లవేటే, నీ మొహం” అని కసిరింది. కసిరినావిడే, ఆ బెల్లంలో ఇసకుందని లోపలికెళ్లి తన డబ్బాలోంచి మంచి బెల్లం తెచ్చిచ్చింది. అప్పటినుంచి అదే ఏర్పాటు. పొడి అత్తది, మాంసం కోడలిది. రెండూ కలిసే చోట మాత్రం అత్త తల పక్కకు తిప్పుకునేది.

రువాతి ఆ పొడిని కొవ్వు మడతల్లోకి దూరేలా, పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు పట్టించేది. కాసేపు అలా ఉంచి, నా అడుగున ఉల్లిపాయ చక్రాలు పరిచి, వాటిమీద మాంసం దించి, మూత అంచు చుట్టూ పిండిముద్ద అతికించేది. నా కింద బొగ్గులు, మూత మీద నాలుగు బొగ్గులు. పొద్దున్న ఎక్కిస్తే సాయంత్రానికిగాని దిగదు. అంతసేపూ సెగ ఎక్కువ కాకుండా, చల్లారకుండా చూస్తూ ఉండాలి. సన్యాసమ్మ దూరంగా జామచెట్టు కింద పీట వేసుకుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చునేది. ఆ కొంగు వెనకనుంచే పుట్టింటి కబుర్లూ, పోయిన మొగుడి మీద చాడీలూ చెప్పుకొచ్చేది. రువాతి తెలుగు నేర్చుకున్నది అక్కడే. “కబుర్లు తర్వాత, బొగ్గులు సల్లారిపోతన్నాయి సూడు” అని మందలించేదీ ఆవిడే. గౌరీశ్వరరావు ఆ రోజుల్లో పొద్దు వాలేదాకా ఇంటి ఛాయలకు వచ్చేవాడు కాదు.

మూత తీసేసరికి ఎముక దానంతటదే ఊడి వచ్చేది. రువాతి రెండు ఫోర్కులతో మాంసాన్ని పీచులుగా లాగి, అడుగున దిగిన రసంలో కలిపేది. అప్పుడు సన్యాసమ్మ పీట పట్టుకుని లోపలికి వెళ్లిపోయేది. రువాతి ఒక్కతే తినేది. నిజానికి అది ఒక్కరి కోసం చేసుకునే వంట కాదు. భుజం ముక్క వండితే ఇంటిల్లిపాదీ కూర్చోవాలి, ఒకరి చెయ్యి ఒకరికి తగలాలి. తింటూ తింటూ ఆమె వంటింటి వైపు చూసి, “ఈ ముసల్ది లేకపోతే నా మొగుడు నా పక్కన కూకునీవోడు” అని పళ్లు కొరికేది. నాకూ అలాగే అనిపించేది. గడప దాటనివ్వని మనిషి మీద గిన్నెకు మాత్రం ప్రేమ ఎక్కడినుంచి వస్తుంది?

మొన్న చలికాలంలో సన్యాసమ్మ జ్వరం తగిలి పోయింది. వీధి ఆడవాళ్లంతా శోకాలు పెట్టారు. రువాతి కంట చుక్క రాలేదు. వాళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకుని చాలారోజులు చెప్పుకున్నారు.

చుట్టాలు వెళ్లిపోయాక గౌరీశ్వరరావు శాలలోకి వచ్చి నన్ను ఎత్తుకున్నాడు. “ఇంకెందుకు ఇక్కడ? లోపలే పెట్టుకో” అంటూ వంటింట్లోకి తీసుకెళ్లి గ్యాసు పొయ్యి పక్కన దించాడు. గడప దాటుతున్నప్పుడు నాకు గర్వంగానే అనిపించింది, దాచడమెందుకు. స్టీలు గిన్నెలు మొహాలు మాడ్చుకున్నాయి. రువాతి కళ్లు మెరిశాయి.

నెలమాసికం వెళ్లాక ఒక ఆదివారం ఆమె భుజం ముక్క తెచ్చింది. పొడి తనే దంచుకుంది. గ్యాసు మంట తగ్గించి పెట్టాక ఇక చూసుకోవాల్సిన సెగ లేదు, ఎవరూ కాపలా కూర్చోనక్కర్లేదు. అయినా ఆమె ఆ పూటంతా స్టూలు మీద కూర్చుని నా మూతకేసి చూస్తూ ఉంది. మాట్లాడేవాళ్లు లేక వంటిల్లంతా బావురుమంటోంది. సాయంత్రం రెండు కంచాలు పెట్టి రెండింట్లోనూ అన్నం, మాంసం వడ్డించింది. ఆ వయసులో ఆ మొహంలో పెళ్లికూతురి సిగ్గు చూశాను.

గౌరీశ్వరరావు వచ్చి కూర్చున్నాడు. కంచం చూసి, మాంసాన్ని వేళ్లతో ఒక పక్కకు జరిపాడు.

“పప్పుచారేమైనా ఉందా?”

“అత్త లేదు కదా. ఇంకెవులు బాధపడతారు?”

“అది కాదు. నాకు ఆ వాసన పడదు, రువాతీ.”

“ఎప్పట్నించి?”

అతను చాలాసేపు అన్నం కెలికాడు. “మొదట్నించీ. మీ నాన్న ఇంట్లో... వొద్దంటే పిల్లనివ్వరేమోనని తిన్నాను.”

“మరి అత్త పేరెందుకు సెప్పినావు?”

“నువ్వు బాధపడతావని.”

ఆమె లేచి అతని కంచం తీసేసి, వేరే కంచంలో అన్నం పెట్టి పప్పుచారు పోసింది. తన కంచం ముందు కూర్చుని ఒక ముద్ద కలిపింది. అది నోటిదాకా తీసుకెళ్లి ఆపి, వాళ్ల భాషలో నెమ్మదిగా అంది, ఒక్క మెతుకు ముట్టకపోయినా పూటపూటంతా తనతో కూర్చున్నది అత్తొక్కతే అని. గౌరీశ్వరరావు ఆ భాష మర్చిపోయి చాలాకాలమైంది. ముద్ద చేతిలో ఉండగానే ఆమె ఏడవడం మొదలుపెట్టింది. శవం లేచిననాడు రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది.

అతను కంగారుపడ్డాడు. “సర్లే, ఏడవకు. ఈసారి వొండినప్పుడు తింటాన్లే” అన్నాడు. పాపం, ఆ ఏడుపు తనకోసమే అనుకున్నాడు.

ఆమె ఆ మాంసం మళ్లీ వండలేదు. నేను మాత్రం వంటింట్లోనే ఉన్నాను, దేవుడి పటాలకు దగ్గరగా, నన్ను అంటుకోకూడదని ఎవరూ అనని చోట. నన్ను శుభ్రంగా తోమి, ఎండబెట్టి, బియ్యం పోసి మూత పెట్టారు. రోజూ పొద్దున్న రువాతి వచ్చి ఇద్దరికి సరిపడా బియ్యం తీసుకుంటుంది. నాతో కూడా ఏమీ మాట్లాడదు.