బొచ్చెపిల్లలు దిగిన రోజు

చేపపిల్లల వ్యాను వచ్చేసరికి చెరువులోకి పోయే బండిదారికి అడ్డంగా ట్రాక్టరు నిలబడి ఉంది. దాని మడ్‌గార్డు మీద మునిరామయ్య కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

సత్యవేడు పక్కనున్న ఆ చెరువును ఏళ్ల తరబడి వేలంపాటలో దక్కించుకుని చేపలు పట్టించింది ఆయనే. ఈసారి అది ఊళ్లో ఆడవాళ్ల సంఘానికి పోయింది. సంఘానికి పెద్ద పంకజాక్షి. తన సొంత కోడలు కోమలి కూడా అందులో చేరిందని తెలిసినప్పటినుంచీ ఆయన ఇంట్లో కంచం విసిరికొట్టని పూట లేదు.

వ్యానులో గాలి నింపి మూతులు బిగించిన ప్లాస్టిక్ సంచులు, వాటిలో వేలెడేసి బొచ్చె, శీలావతి పిల్లలు. తెల్లారకముందే దిగాల్సినవి. దారిలో టైరు పేలడంతో ఆలస్యమైంది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

"అన్నా, ట్రాక్టరు పక్కకు తియ్. పిల్లలు ఉడికిపోతాయి," అంది పంకజాక్షి.

"ఉడికితే పులుసు పెట్టుకోండి. ఈ దారికి మట్టి మోసింది మా తాత."

"మోస్తే? సెరువు మీ తాతది కాదే!"

"నోరు ముయ్యవే. పొయ్యికాడ ఉండాల్సినోళ్లంతా వల పట్టేదానికి వచ్చినారు!"

వ్యాను డ్రైవరు ఒక సంచి ఎత్తి చూశాడు. పిల్లలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఇంకాసేపైతే తన పూచీ లేదన్నాడు.

దారికి ఒక పక్క కంపచెట్లు. ఇంకో పక్క, చెరువు లోపలికి గట్టు జరుపుకుని మునిరామయ్య పోసుకున్న వరినారు. కోమలి మాట్లాడకుండా ఒక సంచి భుజానికెత్తుకుని నారు వైపు తిరిగింది.

"ఆడ అడుగు పెట్టినావంటే మళ్లా నా గడప తొక్కేది లేదు!" అని అరిచాడు మామ.

కోమలి మొగుడు చక్రధర్ ట్రాక్టరు పక్కనే ఉన్నాడు. ఆమె అతని వైపు చూసింది.

"ఏమప్పా, నువ్వేమీ సెప్పవా?"

చక్రధర్ చెప్పు కొనతో మట్టి గీకుతూ ఉండిపోయాడు. కోమలి నారుమడిలోకి దిగింది. వెనకాలే సంఘం ఆడవాళ్లందరూ సంచులెత్తుకుని దిగారు. పచ్చటి నారు కాళ్ల కింద బురదలో కలిసిపోయింది.

నడుంలోతు నీళ్లలో సంచులు తేలనిచ్చి పట్టుకుని నిలబడ్డారు. వెంటనే మూతి విప్పకూడదు. సంచిలో నీళ్లు, చెరువు నీళ్లు ఒకే వేడికి రావాలి. లేకుంటే పిల్లలు చస్తాయి. అందుకని నిలబడే ఉండాలి.

ఒడ్డున మునిరామయ్య నోటికి అదుపు లేకుండా పోయింది. వాళ్ల పుట్టుకల్ని తిట్టాడు, మొగుళ్లను తిట్టాడు. మట్టిగడ్డ ఒకటి వచ్చి పంకజాక్షి వీపుకు తగిలింది. ఎవరూ ఉలకలేదు. అదే ఆయనకు మరీ మండింది. ట్రాక్టరులోంచి కొడవలి తీసుకుని వ్యాను దగ్గరికి పోయి, మిగిలిన సంచిని లాగి చీల్చేశాడు. కాలుతున్న మట్టిలో పిల్లలు ఎగిరెగిరి పడ్డాయి.

"వాణ్ణి ఈ పొద్దు..." పంకజాక్షి ఒడ్డుకు కదలబోయింది.

"అక్కా, గమ్మునుండు," అంది కోమలి. "నువ్వు పోతే ఈ సంచులు ఎవురు పట్టుకుంటారు? అవి పోయినాయి. ఇవన్నా బతకల్ల."

పంకజాక్షి కోపంతో ఏడుస్తూనే నిలబడింది. చివరికి మూతులు విప్పి, చెరువు నీళ్లు కొంచెం కొంచెం కలిపి, సంచులు వాల్చారు. పిల్లలు తమంతట తామే లోపలికి జారిపోయాయి.

ఆ రోజు నుంచి కోమలి అత్తింటికి పోలేదు. పంకజాక్షి ఇంటి వెనక గదిలో ఉండిపోయింది. పోలీసులు పిలిపించి గద్దించాక ట్రాక్టరు మళ్లీ అటు రాలేదు. చక్రధర్ రమ్మని బతిమాలాడు.

"పొమ్మన్నది మీ నాయన. ఆయన్నే వచ్చి పిలవమను," అంది కోమలి. ఆయన రాలేదు.

ఎండాకాలం మొదట్లో తొలి వల లాగారు. కట్ట మీద కొనేవాళ్లు గుంపుగా చేరారు. వాళ్లను తోసుకుంటూ చక్రధర్ ముందుకొచ్చాడు.

"నాయన బొచ్చె తెమ్మన్నాడు," అన్నాడు నేల చూస్తూ.

సంఘం ఆడవాళ్లంతా పని ఆపేశారు. పంకజాక్షి ఏదో అనబోతుంటే కోమలి చెయ్యి అడ్డం పెట్టింది.

"అమ్మేదానికే కదక్కా పట్టినాం," అని మొగుడి వైపు తిరిగింది. "పోయి వరసలో నిలబడు."

అతను చివరికి పోయి నిలబడ్డాడు. అతని వంతు వచ్చేసరికి గంపలో శీలావతులే మిగిలాయి.

"బొచ్చెలు అయిపోయినాయి," అంది కోమలి.

"ఇంటికి ఎప్పుడొస్తావు?" అడిగాడు చక్రధర్ మెల్లగా.

"శీలావతి కావల్నా, వద్దా?"

అతను తల ఊపాడు. ఆమె తూచి, సంచిలో వేసి ఇచ్చింది.

"పక్కకు జరుగు. ఎనక మనుషులుండారు."