పొయ్యి పక్కన కంప్యూటర్

"పొయ్యి పక్కనే పెట్టెయ్యమ్మా. అది ఎలాగూ అక్కడే ఉంటుందిగా" అంది అత్తగారు.

'అది' అంటే కంప్యూటర్ అనుకుంది, దాన్ని బిగించడానికొచ్చి, తీగల చుట్ట భుజానికి తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి. కాదు, కోడలు.

కోడలు ఉల్లిపాయలు తరుగుతూ వింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి గానీ వాటికి కారణం ఉల్లిపాయలే. అలాంటి మాటలకి కళ్ళు తడవడం మానేసి చాలా కాలమైంది.

కింద మందుల కొట్టు, పైన ఇల్లు. బీమా కంపెనీ వాళ్ళు ఇకమీదట కాగితం బిల్లులు తీసుకోబోమన్నారు. కార్డున్న మనిషికి ఏ మందు ఇచ్చినా ఆ క్లెయిము కంప్యూటర్‌లోంచే పంపాలి, ఔననో కాదనో అప్పటికప్పుడే జవాబొస్తుంది. అయితే ప్రతి క్లెయిమూ లైసెన్సున్న ఫార్మసిస్ట్ తన సొంత పాస్‌వర్డ్‌తో దాటించాలి. ఆ ఇంట్లో లైసెన్సున్నది కోడలికే. ఆమె సర్టిఫికెట్ కొట్లో గల్లాపెట్టె వెనక గోడకి అద్దాల చట్రంలో ఉంది. పెళ్ళయిన కొత్తలో ఆమె కూడా దాని కిందే కూర్చునేది. పాప పుట్టాక పైకొచ్చేసింది, సర్టిఫికెట్ కిందే ఉండిపోయింది. ఎవరైనా అడిగితే భర్త నవ్వుతూ చెప్పేవాడు: "ఆవిడ పేరు కింద పనిచేస్తుంది, ఆవిడ పైన పనిచేస్తుంది. ఇద్దరికీ జీతం ఒకటే." ఆ జీతమెంతో ఎవరూ అడగరు. అందరూ నవ్వేవారు. మొదట్లో ఆమె కూడా నవ్వింది.

"ఇక్కడ ఆవిరీ నూనె జిడ్డూ ఉంటాయి సార్, మిషన్‌కి మంచిది కాదు" అంది తీగలమ్మాయి.

"ఇన్నేళ్ళుగా ఈవిడ ఉండట్లా? ఏమైంది? మిషన్‌కేమవుతుంది!" అన్నాడు భర్త.

ఆ అమ్మాయి గోడకి కన్నం వేసి, కింద కొట్లో ఉన్న మిషన్‌ నుంచి మెట్ల పక్కగా, వంటింటి కిటికీలోంచి తీగ లాగింది. రెండు మిషన్లూ ఒకదాన్నొకటి పలకరించుకున్నాక కోడల్ని కూర్చోబెట్టి నేర్పింది. కీబోర్డు మీద వేళ్ళు పెట్టగానే ఆమెకి ఒళ్ళు ఝల్లుమంది. మందుల పేర్లు తెరమీద వరసగా వస్తుంటే, ఎప్పటివో స్నేహితురాళ్ళు ఒక్కొక్కరే గుమ్మంలోకి వచ్చినట్టనిపించింది. దేనికి ఏది పడదో, ఏది పరగడుపున వేసుకోకూడదో ఏదీ మర్చిపోలేదు.

"రెండు మందులు ఒకదానికొకటి పడకపోతే ఇలా ఎర్ర గడి వస్తుంది మేడం. ఆపెయ్యొచ్చు. లేదంటే 'రోగితో మాట్లాడాను, ఇవ్వవచ్చు' అన్నది నొక్కొచ్చు. నొక్కితే మాత్రం మీరు చెప్పినట్టే. మీ పేరు పడిపోతుంది."

"రోగి కింద ఉంటాడు, నేను పైన ఉంటాను. ఎలా మాట్లాడను?"

తీగలమ్మాయి తల తిప్పి కోడలి భర్త వైపు చూసింది. "ఫోనుందిగా" అన్నాడతను.

ఆ రోజు నుంచి ఆమెకి స్థిమితం లేదు. కింద మందు అమ్మగానే పైన మిషన్ కీచుమంటుంది. చెయ్యి కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, వచ్చి చూసేలోపు ఫోను. "నిద్రపోతున్నావా? జనం నిలబడ్డారిక్కడ." తెరమీద పేరుంటుంది, వయసుంటుంది, మందులుంటాయి. మొహం ఉండదు. ఈ డెబ్భయ్యేళ్ళాయనకి కళ్ళు కనిపిస్తాయా, రాత్రి మాత్ర పొద్దున వేసుకుంటాడా? ఈ పాతికేళ్ళ పిల్ల కడుపుతో ఉందా? ఎవరడిగారు? ఎవరూ అడగకుండానే తను ఔనంటోంది. నొక్కుతుంది, కూర కలుపుతుంది. కలుపుతూ ఇందాకటి మందు మోతాదు సరిగ్గా చూశానా అనుకుంటుంది. మళ్ళీ వచ్చి చూసేసరికి కూర అడుగంటుతుంది. స్నానం చేస్తుంటే కీచుమన్నట్టుంటుంది, తడి ఒంటితో తలుపు తీసి వింటే ఏమీ ఉండదు. పాపకి జడ వేస్తూ సగంలో లేచిపోతే ఆ పిల్ల సగం జడతోనే బడికి పోయింది. భర్తతో చెబితే, "నీకు అన్నిటికీ భయమే. బల్లి పడ్డా భయమే" అన్నాడు. అత్తగారు "కూర్చుని చేసే పని కూడా కష్టమేనా తల్లీ? మా రోజుల్లో..." అని మొదలుపెట్టింది. ఆ రోజులు మొదలైతే ఓ పట్టాన అవ్వవు.

ఆడపడుచూ ఆమె భర్తా భోజనానికి వస్తామన్న రోజున ఎర్ర గడి వచ్చింది.

పొయ్యి మీద ఒక పక్క పాలు, ఒక పక్క కూర. తెరమీద పక్కవీధి లెక్కల టీచరమ్మ పేరు. గుండె జబ్బుకి రక్తం పలచబడే మాత్రలు ఆవిడ ఎప్పటినుంచో వాడుతోంది. ఇప్పుడెవరో కీళ్ళ నొప్పికి మాత్ర రాశారు. రెండూ కలిస్తే కడుపులో నెత్తురు కారుతుంది, పైకి తెలియదు. ఎర్ర గడి కూడా ఆ మాటే అంటోంది.

ఫోను మోగింది. "ఎర్రది వచ్చిందా? నొక్కెయ్. రాసిన డాక్టరుకి తెలీదా?"

"ఒక్కసారి ఆవిడకి ఫోనివ్వండి."

"ఆవిడ సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. నువ్వు నొక్కేదాకా ఎవరాగుతారు? మందిచ్చాకే నీకు పంపిస్తున్నా. కానీ, కానీ, ఇక్కడ జనం."

"పాలు! పాలు!" అని అరిచింది అత్తగారు.

ఆమె నొక్కేసింది. పరిగెత్తి పాలు దింపింది. పొంగింది తుడిచింది. గుడ్డ పిండి ఆరేసి వెనక్కి తిరిగితే తెరమీద వాక్యం: 'ఫార్మసిస్ట్ స్వయంగా రోగితో మాట్లాడి వివరించారు.' పక్కన తన పేరు. పెళ్ళికి ముందు పేరు, సర్టిఫికెట్‌లో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా. అంత పెద్ద అబద్ధం ఆ పేరు మీద ఎప్పుడూ పడలేదు. టీచరమ్మ ఫోను నంబరు కోసం వెతికింది. తెరమీద ఉన్నది ఆవిడ కొడుకు నంబరు, అతను ఎత్తలేదు.

పొయ్యి కట్టేసింది.

"ఎక్కడికీ? కూర ఉడకలేదు! వాళ్ళొచ్చేస్తున్నారు!" అంటున్న అత్తగారిని దాటుకుని, ఇంట్లో చెప్పులతోనే మెట్లు దిగింది. కొట్లో భర్త తలెత్తి, "ఏంటి, ఉప్పయిపోయిందా?" అన్నాడు. ఆమె ఆగలేదు. పక్కవీధి తెలుసుగానీ ఇల్లు తెలియదు. దర్జీనడిగితే ఎదురు వరస అన్నాడు, అక్కడ తలుపు కొడితే వేరే ఎవరో. ఆ ఇంటావిడ చూపించిన మేడ ఎక్కేసరికి ఆయాసంతో మాట రాలేదు.

టీచరమ్మ కుర్చీలో కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటోంది. పక్కన మాత్రల అట్ట, నీళ్ళ గ్లాసు. అట్టలో ఒక మాత్ర లేదు.

"ఒకటి వేసుకున్నాను. తగ్గట్లేదు, ఇంకోటి వేసుకుందామా అని చూస్తున్నా. నువ్వెవరమ్మా? కొట్టు వాళ్ళ కోడలివి కదూ?"

"ఫార్మసిస్ట్‌ని" అంది. ఆ మాట తన నోట విని ఎన్నేళ్ళయిందో. "ఇంకోటి వేసుకోకండి టీచర్‌గారూ. మీ గుండె మాత్రలకి ఇవి పడవు. ఈ డాక్టరుకి ఆ మాత్రల సంగతి చెప్పారా?"

"ఆయన అడగలేదు. కొట్లో మీ ఆయనా అడగలేదు. అడిగితే చెప్పనూ?"

మందుల చీటీ మీదున్న ఆస్పత్రి నంబరుకి ఆమే ఫోన్ చేసింది. డాక్టరు గుండె మాత్రల పేరు అడిగి రాసుకున్నాడు. తర్వాత, ఆ మాత్ర ఆపేయమనీ, కడుపునొప్పి గానీ మలం నల్లగా గానీ వస్తే వెంటనే తీసుకురమ్మనీ, సాయంత్రం ఎలాగూ ఓసారి చూపించమనీ అన్నాడు. ఆమె ఆ మాటలన్నీ టీచరమ్మకి నిదానంగా చెప్పి, ఆవిడ చేత తిరిగి చెప్పించుకుంది. పక్కింటావిడకీ చెప్పింది. మాత్రల అట్ట గుప్పిట్లో పట్టుకుని బయటికొచ్చి, మెట్ల మీద కూలబడింది. ఆవిడ ఇంకోటి వేసుకునుంటే? తను ఉప్పు చూసి, వడ్డించి, నవ్వి, ఆ తర్వాత తీరిగ్గా వచ్చుంటే?

అక్కడే కూర్చుని బీమా కంపెనీకి ఫోన్ చేసింది. "ఇందాక నేను నొక్కింది నిజం కాదు. నేను రోగితో మాట్లాడలేదు. ఆ క్లెయిము ఆపండి" అంది. అవతలి గొంతు మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పింది. తర్వాత తీగలమ్మాయికి చేసింది.

వెళ్ళేసరికి కొట్లో భర్తతో పాటు అత్తగారు కూడా ఉంది. చుట్టాలు పైన ఎదురుచూస్తున్నారట.

"బుద్ధుందా నీకు? వంట మధ్యలో వదిలేసి పోతావా?" అన్నాడు భర్త.

మాత్రల అట్ట గల్లాపెట్టె మీద పెట్టి, జరిగింది చెప్పింది. అతను అట్టకేసి చూశాడు, గుమ్మంలో ఎవరైనా విన్నారేమోనని చూశాడు, గొంతు తగ్గించాడు. "సరే, ఏం కాలేదుగా. ఇంకోసారి జాగ్రత్తగా ఉందాం."

"రేపు ఆ అమ్మాయొచ్చి మిషన్ కిందికి దింపుతుంది. నేనిక్కడ కూర్చుంటాను. నా ఎదుట నిలబడని మనిషి మందుకి ఇక నేను నొక్కను."

"కొట్టు మూసుకోమంటావా అయితే?"

"కొట్టు మీ ఇష్టం. పేరు నాది."

అత్తగారు బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "హవ్వ! మరి పైన వంటెవరు చేస్తారే?"

ఆమె భర్త కళ్ళల్లోకి చూసింది.

"ఆయన్ని చెయ్యమనండి అత్తయ్యా. దానికి లైసెన్సు అక్కర్లేదు."